ఓటు కోసం ఓడెక్కి...

*బతుకుదెరువు కోసం దేశాలు పట్టిపోయిన ఐరిష్ యువతరం, 2015లో ఒకే ఒక్క ఓటు వేయడానికి సొంతూళ్ళకు తిరిగొచ్చింది. స్వలింగ జంటల పెళ్ళికి ఓటర్లే ఆమోదముద్ర వేసిన తొలి దేశంగా ఐర్లాండ్‌ను నిలబెట్టింది. అదే కోరికతో మన హైదరాబాద్ జంట ఒకటి సుప్రీంకోర్టు తలుపు తట్టి వట్టి చేతులతో వెనుదిరిగింది. 2025 జనవరి 9న రివ్యూ పిటిషన్లనూ కొట్టేయడంతో, ఇక తేల్చాల్సింది చట్టసభలేనని స్పష్టమైంది. చట్టసభలు కదలాలంటే ముందు జనం కదలాలి. ఐర్లాండ్‌లో జనాన్ని ఎలా కదిలించారు?*

2015 మే 22, శుక్రవారం. లండన్ యూస్టన్ స్టేషన్ నుంచి హోలీహెడ్ రేవుకు వెళ్ళే రైళ్ళలో కుర్రకారు సందడి. భుజాన బ్యాగు, చొక్కాకు గుండ్రటి బ్యాడ్జి, కొందరి మెడలో ఇంద్రధనుస్సు రంగుల జెండా. కొన్ని బ్యాడ్జీల మీద ఇంగ్లిష్‌లో ‘యెస్’, కొన్నిటి మీద ఐరిష్‌లో ‘టా’. రైల్లో సుమారు నాలుగు గంటలు, ఆపైన ఐరిష్ సముద్రం మీద ఓడలో మూడు గంటల పైచిలుకు. డబ్లిన్‌లో దిగి బస్సో కారో పట్టుకుని రాత్రి పదిలోపు సొంతూరి పోలింగ్ కేంద్రానికి చేరుకోవాలి. పది దాటితే పడిన పాట్లన్నీ వృథా.

విమానాశ్రయాల్లోనూ అదే జోరు. ఎక్కడెక్కడి నుంచో బయల్దేరినవాళ్ళు బోర్డింగ్ పాస్‌ల ఫొటోలు పెడుతుంటే ‘హోమ్ టు వోట్’ అన్న హ్యాష్‌ట్యాగ్ ట్విటర్‌ను ఊపేసింది. డబ్లిన్ విమానాశ్రయంలో, రేవులో జెండాలు పట్టుకుని జనం ఎదురెళ్ళారు. వచ్చేవాళ్ళు ఎవరో తెలియదు, ఎవరి పిల్లలో తెలియదు. అయినా కౌగిలించుకుని లోపలికి తోలుకెళ్ళారు.

2024 మే నెలలో ఆంధ్రాలో ఓట్ల కోసం హైదరాబాద్ సగం ఖాళీ అయి, పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కార్లు బారులు తీరడం చూసినవాళ్ళకు ఈ హడావుడి బాగానే అర్థమవుతుంది. తేడా ఒక్కటే. మనవాళ్ళు ప్రభుత్వాన్ని ఎన్నుకోవడానికి వెళ్ళారు. ఐరిష్ కుర్రకారులో చాలామంది తమకో, తమ స్నేహితులకో పెళ్ళి చేసుకునే హక్కు ఉండాలా వద్దా తేల్చడానికి వెళ్ళారు.

పోస్టులో కుదరదు

ఇంత దూరం ఒళ్ళు హూనం చేసుకుని రావడం ఎందుకు, పోస్టులో పంపొచ్చుగా అనిపిస్తుంది. ఐర్లాండ్‌లో ఆ వీలు దౌత్య సిబ్బంది, సైనికుల వంటి కొద్దిమందికే. మిగతావాళ్ళు విదేశాల్లో ఉంటే స్వయంగా వచ్చి వేయాల్సిందే. అదీ దేశం విడిచి పద్దెనిమిది నెలల్లోపు తిరిగొచ్చే ఉద్దేశంతో వెళ్ళినవాళ్ళకే. ఆ గడువు దాటితే ఓటే ఉండదు. మన ఎన్నారైలకూ పోస్టల్ ఓటు లేదు కాబట్టి, డాలస్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న తెలుగువాళ్ళకు ఈ కష్టం విడమర్చి చెప్పనక్కర్లేదు.

2008లో ఐర్లాండ్ ఆర్థిక వ్యవస్థ కుప్పకూలింది. ఇళ్ళ ధరలు పడిపోయాయి, బ్యాంకులు మునిగాయి, చదువు ముగించుకున్న పిల్లలకు ఉద్యోగాల్లేవు. లండన్, సిడ్నీ, టొరంటో అంటూ తట్టాబుట్టా సర్దుకున్నారు. దేశంలో మార్పు కోరే వయసువాళ్ళలో పెద్ద భాగం సరిగ్గా ఓటు వేళకు దేశంలో లేదు. లండన్‌లో ఉన్న కొందరు దీన్ని ముందే పసిగట్టారు. ‘గెట్ ద బోట్ టు వోట్’ అంటూ ప్రచారం మొదలెట్టారు. ఐర్లాండ్‌లోనే ఉండిపోయిన విద్యార్థులు కాలేజీల్లో టేబుళ్ళు వేసుకుని కొత్త ఓటర్ల నమోదు చేపట్టారు. గడువు ముగిసేసరికి అనుబంధ జాబితాలో 60 వేలకు పైగా పేర్లు చేరాయి.

పడవ దిశ మారింది

ఐర్లాండ్ వదిలి వెళ్ళడానికి ఉద్యోగం ఒక్కటే కారణం కాదు. గే, లెస్బియన్ యువతీ యువకులు తరతరాలుగా అదే రేవు నుంచి అదే పడవెక్కి లండన్ చేరుకున్నారు. ఊళ్ళో ఉంటే బతకనివ్వరని వెళ్ళినవాళ్ళు. ఇంట్లో మాత్రం పని దొరికిందని చెప్పేవారు.

వాళ్ళ భయం ఉత్తిది కాదు. 1982లో డబ్లిన్ ఫెయిర్‌వ్యూ పార్కులో డెక్లాన్ ఫ్లిన్ అనే 31 ఏళ్ళ గే యువకుణ్ణి ఒక ముఠా కొట్టి చంపింది. మరుసటి ఏడాది కోర్టు నేరాన్ని ధ్రువీకరించింది కానీ, శిక్షను నిలుపుదల చేసి దోషులను ఇంటికి పంపేసింది. ఆ తీర్పు విని 1983 మార్చిలో కొన్ని వందల మంది ఆ పార్కు దాకా ఊరేగింపుగా నడిచారు. ఐరిష్ ప్రైడ్ ఉద్యమానికి బీజం అక్కడే పడిందంటారు.

చట్టం కూడా ముఠా పక్షమే అన్నట్టుండేది. పురుషుల మధ్య లైంగిక సంబంధాన్ని నేరంగా చూసే బ్రిటిష్ కాలపు 1861 చట్టం ఐర్లాండ్‌లో 1993 వరకు చెల్లింది. మన పాత శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ దానికి ఏడాది ముందు పుట్టిన తోబుట్టువు. ట్రినిటీ కాలేజీలో సాహిత్యం బోధించే డేవిడ్ నోరిస్ ఆ చట్టం మీద ఏళ్ళ తరబడి పోరాడారు. ఐరిష్ సుప్రీంకోర్టులో 1983లో ఓడారు. 1988లో యూరప్ మానవ హక్కుల న్యాయస్థానంలో గెలిచారు. ఆయన తరఫున వాదించిన మేరీ రాబిన్సన్ రెండేళ్ళకు దేశాధ్యక్షురాలయ్యారు. గెలిచిన తీర్పు చట్టంగా మారడానికి ఇంకో అయిదేళ్ళు పట్టింది.

ఇక పెళ్ళి దగ్గరికొస్తే ఐర్లాండ్ మరీ మొండి ఘటం. విడాకుల హక్కు కోసం జరిగిన 1995 రిఫరెండంలో అనుకూలురు గట్టెక్కింది కేవలం 9,114 ఓట్ల తేడాతో. మన కార్పొరేషన్ ఎన్నికల్లో కొన్ని డివిజన్లలో వచ్చే మెజారిటీ అంత! అలాంటి దేశం ఇరవై ఏళ్ళలో స్వలింగ వివాహానికి తల ఊపుతుందని ఆనాడు ఎవరన్నా అని ఉంటే నవ్వి ఊరుకునేవారు.

> అంకెల్లో ఆ రోజు
>
> అనుకూలం: 12,01,607 ఓట్లు (62.07 శాతం)
> వ్యతిరేకం: 7,34,300 ఓట్లు (37.93 శాతం)
> పోలింగ్: 60.52 శాతం
> మొత్తం 43 నియోజకవర్గాల్లో 42 అనుకూలం. కాదన్నది రోస్‌కామన్–సౌత్ లీట్రిమ్ ఒక్కటే, అదీ స్వల్ప తేడాతో.
> అదే రోజు మరో ప్రశ్నకూ ఓటేశారు. దేశాధ్యక్ష పదవికి పోటీ చేసే కనీస వయసు 35 నుంచి 21కి తగ్గించాలా అని. ఓటర్లలో 73 శాతం మంది వద్దన్నారు. పిల్లల మాట విని పెళ్ళికి ఒప్పుకున్న పెద్దలు, పీఠం మాత్రం ఇవ్వలేదు!

నానమ్మకు ఫోన్ కొట్టు

ఐర్లాండ్‌లో రాజ్యాంగాన్ని ప్రజల ఓటు లేకుండా మార్చడం కుదరదు. 2012లో వేసిన రాజ్యాంగ సమావేశంలో 33 మంది చట్టసభ సభ్యులతో పాటు లాటరీ తీసినట్టు ఎంచుకున్న 66 మంది సామాన్యులు కూర్చున్నారు. వారాంతాల్లో హోటల్ గదుల్లో సమావేశమై, ఇరుపక్షాల వాదనలు విని, 2013 ఏప్రిల్‌లో 79 శాతం మంది స్వలింగ వివాహానికి సరేనన్నారు. ప్రధాన పార్టీలన్నీ వెనక నిలిచాయి. ఇక మిగిలింది గడపలు తొక్కడం.

‘యెస్ ఈక్వాలిటీ’ పేరుతో మూడు సంస్థలు ఏకమై నడిపిన ఈ ప్రచారంలో అసలు శ్రమ కుర్రాళ్ళది. సాయంత్రం ఆఫీసు ముగించుకుని, కాలేజీ అయ్యాక, గుంపులుగా వీధుల్లోకి వెళ్ళేవారు. ప్రచార బస్సు డబ్లిన్ దాటి చిన్న పట్టణాలకు, సంత ఊళ్ళకు తిరిగింది. వాళ్ళకిచ్చిన సలహా చాలా మామూలుది: వాదించొద్దు, హక్కుల గురించి ఉపన్యాసం దంచొద్దు, నీ సంగతి నువ్వు చెప్పు. ‘నేను యెస్‌కి ఓటేస్తున్నా, ఎందుకో అడగండి’ అన్నదే నినాదం. అడిగితే చెప్పడానికి కథ ఉండాలిగా. అన్న గురించి, మేనత్త గురించి, చివరికి తన గురించే. ముక్కూ మొహం తెలియనివాళ్ళ గుమ్మంలో నిలబడి, అమ్మతో కూడా చెప్పని మాట చెప్పుకోవాల్సి వచ్చింది.

ట్రినిటీ విద్యార్థులు ఇంకాస్త తెలివిగా ఆలోచించారు. ‘రింగ్ యువర్ గ్రానీ’ అన్నారు. నానమ్మలకు, అమ్మమ్మలకు ఫోన్ చేయడం, కుశలం అడగడం, మెల్లగా విషయంలోకి దించడం. చర్చి మాట జవదాటని తరమని అందరూ కొట్టిపారేసిన వృద్ధుల్లో చాలామంది, మనవడి గొంతు వినగానే మెత్తబడ్డారు. పండు వయసు కేథలిక్ దంపతులు కొందరు కెమెరా ముందుకొచ్చి, మా పిల్లలకు దొరికిన సుఖం మరొకరి పిల్లలకూ దొరకాలని చెప్పిన వీడియోలు ఇల్లిల్లూ తిరిగాయి.

పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళూ నోరు విప్పారు. 2015 జనవరి 18న, తన పుట్టినరోజు నాడు, నాటి ఆరోగ్య మంత్రి లియో వరద్కర్ రేడియోలో తాను గేనని చెప్పారు. ఓటింగ్‌కు వారం ముందు టీవీ రాజకీయ సంపాదకురాలు అర్సులా హాలిగన్, యాభై దాటిన వయసులో, పదిహేడో ఏట నుంచి మనసులో దాచుకున్నది పత్రికా వ్యాసంలో బయటపెట్టారు. మాజీ అధ్యక్షురాలు మేరీ మెకలీస్ గే కొడుకు తల్లిగా మాట్లాడారు.

అంతకు ఏడాది ముందే డ్రాగ్ కళాకారుడు రోరీ ఓనీల్ ‘పాంటీ బ్లిస్’ వేషంలో డబ్లిన్‌లోని ఆబీ థియేటర్ వేదిక మీద నిలబడి ప్రసంగించారు. రోడ్డు దాటడానికి నిలబడ్డప్పుడు నడకలో, నిల్చునే తీరులో ఏదన్నా పట్టిచ్చేస్తోందేమోనని తనను తానే తనిఖీ చేసుకోవాల్సి రావడం గురించి మాట్లాడారు. కోపమూ నవ్వూ కలగలిసిన ఆ పది నిమిషాల ప్రసంగాన్ని లక్షల మంది చూశారు. పెళ్ళి గురించి అందులో పెద్దగా లేదు. కానీ ఓటరు మనసును అది దున్ని పెట్టింది.

ఊరి అనుమతి

వ్యతిరేకుల పక్షమూ బలమైనదే. చర్చి నాయకత్వం, ‘మదర్స్ అండ్ ఫాదర్స్ మ్యాటర్’, అయోనా ఇన్‌స్టిట్యూట్ వంటి బృందాలు గట్టిగానే ప్రచారం చేశాయి. 2010 చట్టంతో స్వలింగ జంటలకు సివిల్ పార్ట్‌నర్‌షిప్ ఇచ్చాం కదా, పెళ్ళి పేరు ఎందుకన్నది వాళ్ళ ప్రశ్న. బిడ్డకు అమ్మా నాన్నా ఇద్దరూ కావాలన్నది వాళ్ళ పోస్టరు. దత్తతకూ సరోగసీకీ ఈ ఓటుకూ సంబంధం లేదని రిఫరెండం కమిషన్ అధ్యక్షుడైన న్యాయమూర్తి చెప్పినా, ప్రతి కరెంటు స్తంభానికీ ఆ పోస్టర్లు వేలాడుతూనే ఉన్నాయి. ఇద్దరు తల్లుల ఇంట్లో పెరుగుతున్న పిల్లవాడు రోజూ వాటి కిందనుంచే బడికి వెళ్ళాలి.

ఈ గెలుపును కీర్తించేటప్పుడు చాలామంది ఇది మరచిపోతారు. కొద్దిమంది హక్కును ముప్పై రెండు లక్షల మంది ఓటర్లు తేల్చడం న్యాయమేనా? మనకు పెళ్ళంటే ఊరంతా కలిసి చేసే వ్యవహారమే గానీ, ఊరంతా చేతులెత్తి ఒప్పుకోవాలని ఎవరూ అనరు. కులాంతర వివాహాలపై మన రాష్ట్రాల్లో రిఫరెండం పెడితే ఏం జరుగుతుందో ఊహించుకుంటే చాలు, ఆ పద్ధతిలోని కర్కశత్వం తెలుస్తుంది. ఐరిష్ కుర్రాళ్ళు తలుపు తలుపునా నిలబడి అడిగింది ఒక రకంగా భిక్ష. ప్రచారం చేసినవాళ్ళలోనే చాలామంది ఆ అవమానాన్ని తర్వాత చెప్పుకున్నారు. గెలిచారు కాబట్టి గాయం కనపడదు.

తైవాన్‌లో కనపడింది. 2018 నవంబర్‌లో అక్కడ జరిగిన ఓటింగ్‌లో స్వలింగ వివాహ పక్షం చిత్తుగా ఓడింది. అయినా 2019 మే 17న పార్లమెంటు చట్టం చేసింది. ఎందుకంటే రాజ్యాంగ న్యాయస్థానం 2017లోనే రెండేళ్ళ గడువు పెట్టింది. జనం వద్దన్నదాన్ని కోర్టు నిలబెట్టింది. ఆస్ట్రేలియా మాత్రం ఐర్లాండ్ బాటలో నడిచింది. అక్కడి ప్రచారానికి నాయకత్వం వహించింది డబ్లిన్ ప్రచారంలో ఆరితేరి సిడ్నీకి వెళ్ళిన టియర్నన్ బ్రాడీ. 2017 పోస్టల్ సర్వేలో 61.6 శాతం మంది ఔనన్నారు.

మే 23న ఫలితాలు వచ్చాక డబ్లిన్ క్యాజిల్ ప్రాంగణం కిక్కిరిసింది. డబ్లిన్ ఆర్చ్‌బిషప్ డయర్మిడ్ మార్టిన్ ఇది సామాజిక విప్లవమనీ, చర్చి కళ్ళు తెరిచి వాస్తవాన్ని చూసుకోవాలనీ అన్నారు. నవంబర్ 16 నుంచి చట్టం అమల్లోకొచ్చింది. మర్నాడే టిప్పరరీ కౌంటీలోని క్లాన్‌మెల్‌లో తొలి పెళ్ళి. 2018 మేలో గర్భస్రావ నిషేధం ఎత్తివేతపై ఓటింగ్ జరిగినప్పుడు మళ్ళీ అవే పడవలు, అవే విమానాలు నిండాయి.

> ఐర్లాండ్ కథలో భారతీయులు
>
> లియో వరద్కర్ తండ్రి అశోక్ ముంబై నుంచి వెళ్ళిన వైద్యుడు. 2017లో లియో ఐర్లాండ్ ప్రధాని అయ్యారు. 2019 చివర్లో మహారాష్ట్ర సింధుదుర్గ్ జిల్లాలోని పూర్వీకుల ఊరు వరద్‌కు వచ్చివెళ్ళారు.
>
> కర్ణాటకకు చెందిన దంతవైద్యురాలు సవితా హలప్పనవర్ 2012 అక్టోబర్‌లో గాల్వే ఆసుపత్రిలో మరణించారు. గర్భం నిలవదని తెలిసినా గర్భస్రావం చేయలేదు. 2018 ఓటింగ్‌లో ఇల్లిల్లూ తలుచుకున్న పేరు ఆమెదే.

హైదరాబాద్ నుంచి ఢిల్లీకి

సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్ హైదరాబాద్‌లో ఉంటారు. దాదాపు పదేళ్ళ సాహచర్యం తర్వాత, కొవిడ్ రెండో దశలో ఇద్దరూ జబ్బుపడి లేచాక, 2021 డిసెంబర్‌లో నగర శివార్లలో బంధుమిత్రుల మధ్య పెళ్ళి వేడుక చేసుకున్నారు. బెంగాలీ, పంజాబీ సంప్రదాయాలు రెండూ పాటించారు. తల్లిదండ్రుల దీవెనలు దొరికాయి. సర్టిఫికెట్ దొరకలేదు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం తమకూ వర్తించాలంటూ సుప్రీంకోర్టుకెక్కారు. ఆ కేసు వాళ్ళ పేరుతోనే చరిత్రలోకి వెళ్ళింది.

2023 ఏప్రిల్, మే నెలల్లో పది రోజులు సాగిన వాదనలను దేశం ప్రత్యక్ష ప్రసారంలో చూసింది. ఇది పట్టణ సంపన్న వర్గాల కోరిక మాత్రమేనని కేంద్రం అఫిడవిట్‌లో అంది. 99.9 శాతం భారతీయులు దీనికి వ్యతిరేకమంటూ బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా తీర్మానం చేసింది. ఆ అంకె ఏ సర్వేలోంచి వచ్చిందో గానీ, దేశంలోని ముప్పైకి పైగా న్యాయ కళాశాలల విద్యార్థి బృందాలు దాన్ని ఖండిస్తూ ప్రకటన ఇచ్చాయి. భవిష్యత్తులో అదే కౌన్సిల్ దగ్గర పేరు నమోదు చేసుకోవాల్సిన పిల్లలు!

అక్టోబర్ 17న తీర్పు వచ్చింది. పెళ్ళి ప్రాథమిక హక్కు కాదని అయిదుగురు న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా చెప్పారు. స్వలింగ జంటల కలయికకు గుర్తింపు ఇవ్వాలన్న విషయంలో మాత్రం 3–2గా చీలి, మెజారిటీ కాదంది. క్వీర్ మనుషులు నగరాలకో సంపన్నులకో పరిమితం కారని అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ స్పష్టంగా రాశారు. ఆయనది ఓడిన పక్షం.

తర్వాత కొన్ని చిన్న తలుపులు తెరుచుకున్నాయి. 2024లో కేంద్రం జాయింట్ బ్యాంకు ఖాతాలకు, నామినీగా భాగస్వామి పేరు రాయడానికి అభ్యంతరం లేదని స్పష్టం చేసింది. రేషన్ కార్డులో ఒకే కుటుంబంగా చూడమంది. వారసత్వం, పింఛను, దత్తత మాత్రం అలాగే ఉన్నాయి.

మన బస్సు ఎటు పోతోంది?

ఐర్లాండ్‌లో ఇల్లు విడిచిన పిల్లలు ఇంటికి తిరిగొచ్చి మాట్లాడారు. మన దగ్గర ఇంకా ఇంటి నుంచి పారిపోవడమే నడుస్తోంది. 2024 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందుకు ఒక హెబియస్ కార్పస్ పిటిషన్ వచ్చింది. తనతో కలిసి ఉంటున్న యువతిని ఆమె తండ్రి నిర్బంధించాడని మరో యువతి ఫిర్యాదు. అమ్మాయి మేజర్, ఎవరితో ఉండాలో ఆమె ఇష్టమని హైకోర్టు తేల్చి చెప్పింది, తల్లిదండ్రులను జోక్యం చేసుకోవద్దంది. కోర్టు దాకా వెళ్ళగలిగిన జంట కాబట్టి అది వార్త అయింది. వెళ్ళలేనివాళ్ళు రాత్రి బస్సెక్కి హైదరాబాదో బెంగళూరో చేరుకుంటారు. అక్కడ రూమ్‌మేట్లమని చెప్పి ఇల్లు అద్దెకు తీసుకుంటారు. పండక్కి ఇంటికెళ్తే సంబంధాల ప్రస్తావన. అందుకే కొందరు పండక్కి వెళ్ళడమే మానేస్తారు.

హైదరాబాద్‌లో ప్రైడ్ వాక్ 2013లో మొదలైంది. నగరంలో రోడ్డు మీద నడవడానికి ధైర్యం వచ్చింది. నర్సీపట్నంలోనో నారాయణపేటలోనో నాయనమ్మ మంచం పక్కన కూర్చుని ఆ సంగతి చెప్పడానికి ఇంకా రాలేదు. ఐరిష్ ప్రచారం గెలిచింది అలాంటి చోటే. అయితే అక్కడ చెప్పినవాడి వెనక పార్టీలున్నాయి, మంత్రులున్నారు, ఓటింగ్ తేదీ ఉంది. ఇక్కడ ఏదీ లేకుండా వెళ్ళి చెప్పమనడం, ఊరికే కూర్చుని రాసేవాళ్ళు ఇవ్వదగ్గ సలహా కాదు.

ఒకవేళ రేపు పార్లమెంటు ప్రత్యేక వివాహ చట్టాన్ని స్వలింగ జంటలకూ వర్తింపజేసినా, అందులో ఒక చిక్కు మిగిలే ఉంటుంది. ఆ చట్టం కింద పెళ్ళి చేసుకోవాలంటే ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. వధూవరుల పేర్లు, చిరునామాలు రిజిస్ట్రార్ కార్యాలయం బోర్డు మీద పెడతారు. ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. కులాంతర, మతాంతర జంటలు ఏళ్ళుగా భయపడుతున్నది ఆ కాగితానికే. సుప్రియో కేసుతో పాటు వచ్చిన పిటిషన్లు కొన్ని ఆ నిబంధననూ సవాలు చేశాయి. అది రద్దు కాలేదు.